పీత, కుండ, రాలిన ఆకు

వానాకాలం మొదలైతే చాలు, మన ఊళ్లలో డయాగ్నొస్టిక్ సెంటర్ల గుమ్మం ముందు చెప్పుల గుట్టలు పెరుగుతాయి. మొన్న అలాంటి ఒకచోట బెంచీ మీద కూర్చున్న పెద్దాయన ఒకరు మనవడి రక్తపరీక్ష కాగితం చేత పట్టుకుని, కళ్లజోడు ముక్కు చివరికి జార్చి, అట్టడుగున లావు అక్షరాల్లో ఉన్న మాటను కూడబలుక్కుంటున్నారు. "థ్రాం... బో... సైటో..." దగ్గర ఊపిరి ఆగింది. కౌంటర్లో కుర్రాణ్ణి అడిగారు, "ఇదేం రోగం బాబూ?" అని. "ఏం లేదు తాతా, ప్లేట్‌లెట్లు తగ్గాయి. డాక్టరు గారికి చూపించండి" అన్నాడు అతను కంప్యూటర్ మీంచి తల ఎత్తకుండానే. పెద్దాయన ముఖం కొంచెం తేటపడింది. కానీ కాగితం మడతపెట్టే ముందు ఆ మాట వంక మరోసారి అనుమానంగా చూశారు. తగ్గడానికి ఇంత పొడుగు పేరెందుకని కాబోలు.

థ్రాంబోసైటోపీనియా. పేరు పొడుగేగానీ అందులో అంత గొప్పేమీ లేదు. మూడు పాత గ్రీకు మాటల్ని రైలుపెట్టెల్లా తగిలించారు, అంతే. థ్రాంబోస్ అంటే గడ్డ. కుటోస్ అంటే బోలుగా ఉండే పాత్ర, మనం కుండ అనుకోవచ్చు. సూక్ష్మదర్శినిలో జీవకణాన్ని చూసిన తరవాతి శాస్త్రజ్ఞులు ఆ కుండ పేరును దానికి తగిలించారు. ఇక పెనియా అంటే పేదరికం. ప్లేటో రాసిన 'సింపోజియం'లో పెనియా ఒక మనిషి కూడా. దేవతలు విందు చేసుకుంటుంటే అడుక్కోవడానికి వచ్చి గుమ్మం దగ్గర నిలబడే పేదరాలు ఆమె. అంటే ఆ రిపోర్టు చెబుతున్నది ఇంతే: నెత్తురు గడ్డకట్టించే కుండలకు లేమి వచ్చింది. ఇలా చెబితే ఆ పెద్దాయనకు అర్థం కాకపోవడమేమిటి? లేమి అంటే ఏమిటో, కుండ అంటే ఏమిటో ఆయనకు ఒకరు చెప్పాలా?

వైద్యుల భాష వినగానే మనకు అదేదో గర్భగుడిలో మంత్రం అన్నట్టు ఉంటుంది. మొదట ఆ మాటలు అన్నవాళ్ల సంగతి వేరు. క్రీస్తుకు నాలుగైదు వందల ఏళ్ల ముందు కోస్ ద్వీపంలో హిపొక్రటీస్, ఆయన దారిలో నడిచిన వైద్యులు చుట్టూ జనం మాట్లాడే భాషలోనే మాట్లాడారు, రాశారు. ఒంట్లో కనిపించినదానికి ఇంట్లోనో, పొలంలోనో, సముద్రపొడ్డునో కనిపించే వస్తువు పేరు పెట్టారు. రొమ్ములో గట్టి కణితి చూసి కర్కినోస్ అన్నారు, అంటే పీత. కణితి చుట్టూ ఉబ్బిన రక్తనాళాలు పీత కాళ్లలా చాచుకుని ఉంటాయని రెండో శతాబ్దంలో గాలెన్ అనే వైద్యుడు కారణం చెప్పాడు. ఆ పీతే ఇవాళ్టి కార్సినోమా. దాన్నే లాటిన్‌లోకి మారిస్తే క్యాన్సర్ అయింది. పంచాంగంలో మన కర్కాటక రాశి బొమ్మ చూడండి, అక్కడా పీతే. సంస్కృత కర్కటానికీ గ్రీకు కర్కినోస్‌కూ చుట్టరికం ఉందని భాషావేత్తలు చెబుతారు. క్యాన్సర్ అనే మాట చెవిన పడగానే కాళ్లు చల్లబడే మనం, ఒకప్పుడు అది ఇసుకలో పక్కగా పరిగెత్తే పీత పేరు అని గుర్తుచేసుకోవడం వల్ల రోగం తగ్గదు. పేరు మీద ఉన్న భయం మటుకు కొంత తగ్గుతుంది.

ఇలాంటివాటిలో మనసుకు బాగా హత్తుకునేది ఒకటుంది. ఎవరి కళ్లలోకైనా దగ్గరగా చూడండి. నల్లగుడ్డు నడుమ ఉండే చిన్న గుండ్రంలో మీ బొమ్మే బుల్లిగా, బొటనవేలంత మనిషిలా కనిపిస్తుంది. తెలుగువాడు దాన్ని చూసి కంటిపాప అన్నాడు. గ్రీకువాడు కోరే అన్నాడు, అంటే అమ్మాయి. లాటిన్‌వాడు ప్యూపిల్లా అన్నాడు, అంటే చిట్టి పిల్ల, బొమ్మ. సంస్కృతంలో కనీనిక అన్నా అటు చిన్నపిల్ల, ఇటు కంటిపాప. ఎక్కడెక్కడో ఉన్నవాళ్లు ఎదుటి మనిషి కళ్లలోకి చూసి అందరూ ఒక పిల్లనే చూశారు. రోడ్డు ప్రమాదంలో తలకు దెబ్బ తగిలిన మనిషిని క్యాజువాల్టీలో పడుకోబెడితే డ్యూటీ డాక్టరు ముందుగా చేసే పనుల్లో ఒకటి, రెప్ప ఎత్తి టార్చి వేసి చూడడం. ఒక పాప చిన్నదై, రెండోది పెద్దదిగానే ఉండిపోతే కేసు షీటు మీద అనైసోకోరియా అని రాస్తారు. అన్ అంటే కానిది, ఐసో అంటే సమానం, కోరే అంటే పాప. పాపలు సమానంగా లేవు. ఆ కాగితం మీద ఆ క్షణాన ఒక అమ్మాయి కూర్చుని ఉందని రాసిన డాక్టరుకూ గుర్తుండదు, చదివే నర్సుకూ గుర్తుండదు. రాత్రి డ్యూటీలో గుర్తుపెట్టుకునే తీరికా ఉండదు, పాపం.

మనవాళ్లు కూడా ఒంటికి పేర్లు పెట్టడంలో ఎవరికీ తీసిపోలేదు. మోకాలి మీద ఉండే గుండ్రటి ఎముకను చిప్ప అన్నారు. లాటిన్‌లో దాని పేరు పటెల్లా, అంటే చిన్న పళ్లెం. చెవిలోపలి పొరను మనం కర్ణభేరి అంటాం, డాక్టర్లు టింపానిక్ మెంబ్రేన్ అంటారు, టింపనోన్ అంటే గ్రీకులో డప్పే. గొంతులో వేలాడే కండను మనం కొండనాలుక అన్నాం. గ్రీకువాళ్లకు అది వాచి వేలాడినప్పుడు ద్రాక్షగుత్తిలా కనిపించింది, స్టఫిలే అన్నారు. 1880ల మొదట్లో స్కాట్‌లాండ్‌లోని అబర్డీన్‌లో అలెగ్జాండర్ ఆగ్‌స్టన్ అనే సర్జన్ గడ్డల్లోని చీమును సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే గుండ్రటి క్రిములు గుత్తులు గుత్తులుగా కనిపించాయి. ఆ పాత ద్రాక్షగుత్తినే తీసుకుని, దానికి గింజ అనే అర్థమున్న కొక్కోస్‌ను జతచేసి స్టఫిలోకాకస్ అని పేరు పెట్టాడు. సెగగడ్డ లేచినప్పుడు మన ఒంట్లో సాధారణంగా కాపురం పెట్టేది ఆ ద్రాక్షగుత్తే. కొండనాలుకకు మందేస్తే ఏమైందో మనకు సామెత ఉంది. గ్రీకువాళ్లకు ఉందో లేదో గానీ, ఆ మాట వాళ్ల దగ్గర బయల్దేరి ఏకంగా యాంటీబయాటిక్ చీటీ దాకా వచ్చింది.

గుండెపోటు వచ్చిందంటే ఈసీజీ కాగితం పక్కన మయోకార్డియల్ అని రాస్తారు. కార్డియా గుండె. మరి మయో? మ్యూస్ అంటే గ్రీకులో ఎలుక, కండ కూడా. చేయి మడిచినప్పుడు చర్మం కింద కండ ఎలుకలా అటూ ఇటూ కదులుతుందని వాళ్ల ఊహ. లాటిన్‌వాళ్లకూ అదే తోచింది. ఇంగ్లీషు మజిల్‌కు మూలమైన లాటిన్ మాటకు అర్థం చిట్టెలుకే. మన వినాయకుడి మూషికం ఈ మ్యూస్‌కు దగ్గరి చుట్టమే. అయితే చూపుకు సంబంధించిన మయోపియాలో ఉన్నది ఎలుక కాదు. అది రెప్పలు మూసుకోవడం అనే వేరే ధాతువు. దూరంగా ఉన్నది కనిపించక కళ్లు చిట్లించుకుని చూసే మనిషి బొమ్మ అది. ఒకేలా వినిపిస్తే చాలు చుట్టరికం కలిపేసే మన ఉత్సాహానికి ఇలాంటివి కాస్త కళ్లెం వేస్తాయి.

ఆ ఉత్సాహం గురించి ఒక మాట. గ్రీకు మాటకు సంస్కృతంలో చుట్టం కనిపించగానే, చూశారా, అన్నీ మన దగ్గరి నుంచే వెళ్లాయి అని ఛాతీ విరుచుకునేవాళ్లు ఉన్నారు. వాట్సాప్‌లో ఇలాంటివి రోజూ తిరుగుతుంటాయి. నిజం అంతకన్నా అందంగా ఉంది. రెండూ ఒకే పాత ఇంటి నుంచి విడిపోయిన దాయాదులు. ఎవరూ ఎవరి దగ్గరా అప్పు తీసుకోలేదు. దంతానికి ఒడోంట్, అందుకే పళ్లు సరిచేసే డాక్టరు ఆర్థోడాంటిస్ట్. పాదానికి పోద్. ఆజానుబాహువులోని జానువుకు గోనూ. అస్థికి ఒస్టెయాన్, ముసలితనంలో ఎముకలు గుల్లబారే ఆస్టియోపోరోసిస్‌లో ఉన్నది అదే. నఖానికి ఓనుక్స్. పేగుకు మనం ఆంత్రం అంటే వాళ్లు ఎంటెరాన్ అన్నారు, పిల్లలకు వాంతులూ విరేచనాలూ పట్టుకుంటే రాసే గ్యాస్ట్రోఎంటరైటిస్‌లో అది ఉంది. తెలుగు ద్రావిడ భాష కనుక ఈ దాయాదితనం మనకు నేరుగా రాదు, సంస్కృతం ద్వారా మేనరికంలా వస్తుంది. పన్ను, కాలు, గోరు, ఎముక, పేగు మటుకు అచ్చంగా మనవే.

అన్నిటికన్నా ముఖ్యంగా తెలుసుకోదగిన జంట ఒకటుంది, హైపర్, హైపో. మొదటిదానికి సంస్కృతంలో చుట్టం ఉపరి, రెండోదానికి ఉప. మీదిది హైపర్, కిందిది హైపో. మన కుర్రాళ్లు సినిమా చూసి వచ్చి "సూపర్" అంటారే, అది లాటిన్ వైపు నుంచి ఈ హైపర్‌కు వేలువిడిచిన చుట్టం. మీరిప్పుడు చదువుతున్నదానికి ఉప సంపాదకీయం అని పేరు. ఆ ఉప, హైపోగ్లైసీమియాలోని హైపో ఒకే తల్లి పిల్లలు. మాట తమాషాగా ఉన్నా, ఇళ్లలో దీని వ్యవహారం తమాషా కాదు. షుగర్ ఉన్న అమ్మమ్మకు రాత్రి ఉన్నట్టుండి చెమటలు పట్టి చేతులు వణికితే అది హైపో కావచ్చు, నెత్తురులో చక్కెర పడిపోయిందన్నమాట. చక్కెర పెరిగిపోతే హైపర్. చెవికి ఒక్క అక్షరం తేడా, వైద్యంలో తూర్పూ పడమరా అంత తేడా. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు ఈ రెండు ముక్కలూ ఇంట్లోవాళ్లకు విడమరచి చెప్పడం మందులు చెప్పడమంత అవసరం.

షుగర్ మాట వచ్చింది కాబట్టి ఇంకో ముచ్చట. గ్రీకువాళ్లకు డయాబెటిస్ అంటే దాటుకుంటూ పోయేది, నీళ్లు లాగే గొట్టం. తాగిన నీళ్లు తాగినట్టే బయటికి పోతున్నాయని వాళ్లు గమనించారు. కపడోషియాకు చెందిన అరెటియస్ అనే వైద్యుడు, ఈ రోగంలో ఒంటి కండంతా కరిగి మూత్రమైపోతున్నట్టు ఉంటుందని రాశాడు. మన ఆయుర్వేదులు గమనించింది తీపిని. అందుకే మధుమేహం అన్నారు. ఇంగ్లండ్‌లో థామస్ విల్లిస్ అనే వైద్యుడు ఆ తీపి సంగతి రాసింది పదిహేడో శతాబ్దంలో. తేనెలా తీయనిది అనే అర్థమున్న మెల్లిటస్ డయాబెటిస్ పక్కన చేరింది ఆ తరవాతే. ఒకరు ధారను చూశారు, ఒకరు తీపిని చూశారు. తెలుగు ఊళ్లలో అతిమూత్రం అన్నవాళ్లు గ్రీకుల వైపు, చక్కెర జబ్బు అన్నవాళ్లు ఆయుర్వేదుల వైపు నిలబడ్డారు. ఇప్పుడు అందరం కలిసి షుగర్ అంటున్నాం.

గ్రీకువాళ్లు పొరపాట్లు పడలేదా? బోలెడు పడ్డారు, ఆ పొరపాట్లన్నీ మనం ఇప్పటికీ పలుకుతున్నాం. చచ్చిన జంతువును కోసి చూస్తే ధమనులు ఖాళీగా కనిపించేవి. అందువల్ల వాటిలో గాలి తిరుగుతుందని చాలాకాలం అనుకున్నారు. గాలి వెళ్లే గొంతు గొట్టం కూడా వాళ్లకు ఒక ఆర్టరీనే. గరుకుగా ఉంటుంది కనుక గరుకు ఆర్టరీ అన్నారు. ఆ గరుకు అనే విశేషణమే విడివడి ట్రాకియా అయి కూర్చుంది. ధమనుల్లో ఉండేది నెత్తురేనని గాలెన్ నిరూపించాక కూడా పేర్లు అలాగే ఉండిపోయాయి. మనిషి దిగులుగా ఉంటే ఒంట్లో నల్లపిత్తం పెరిగిందన్నారు, మెలాంకోలియా. దానికి మనం నవ్వక్కర్లేదు. తిక్కగా మాట్లాడేవాణ్ణి చూసి "వీడికి పైత్యం ముదిరింది" అనని తెలుగువాడు ఎవరు? ఇద్దరం తిట్టింది ఒకే పిత్తాన్ని. ఆ పిత్తానికి గ్రీకు పేరు ఖోలే. పిత్తాశయంలోని రాళ్లలో దొరికిన గట్టి పదార్థం కనుక కొలెస్టరాల్‌కు ఆ పేరు, పిత్తం, గట్టి అనే రెండు మాటలు కలిసి.

ఈ పొరపాట్లలో నిజంగా హాని చేసింది ఒకటుంది. హిస్టెరా అంటే గర్భాశయం. ఆడవాళ్ల ఆందోళనలకూ మూర్ఛలకూ గర్భాశయమే కారణమని, అది ఒంట్లో అటూ ఇటూ తిరుగుతుందని నమ్మారు. ఆ నమ్మకంలోంచి హిస్టీరియా పుట్టింది. రెండువేల ఏళ్లకు పైగా ఆడవాళ్ల బాధను కొట్టిపారేయడానికి ఆ ఒక్క మాట పనికొచ్చింది. అమెరికా మానసిక వైద్యులు తమ రోగాల జాబితా నుంచి ఆ పేరు తీసేసింది 1980లో. మన సినిమా డైలాగుల్లోంచి అది ఇంకా పోలేదు.

ఇంతకీ గ్రీకే ఎందుకు? రోమ్‌లో పేరున్న వైద్యుల్లో చాలామంది గ్రీకులే. తొమ్మిదో శతాబ్దపు బాగ్దాద్‌లో హునైన్ ఇబ్న్ ఇషాక్ లాంటివాళ్లు గాలెన్‌ను అరబీలోకి తెచ్చి కాపాడారు. తరవాత యూరప్ మళ్లీ మూలాలకు వెళ్లింది. ఇది చరిత్ర. అసలు సుళువు మటుకు భాషలోనే ఉంది. సంస్కృతంలాగే గ్రీకు కూడా సమాసాలకు అలవాటుపడ్డ భాష. కడుపు, పేగు, వాపు అని మూడు మాటలు వరసగా పెడితే గ్యాస్ట్రోఎంటరైటిస్. రెండు మాటల నడుమ ఒక 'ఓ' అతుకు వేస్తారు. వెనక వచ్చేది అచ్చుతో మొదలయ్యే ప్రత్యయమైతే ఆ 'ఓ' జారిపోయి గ్యాస్ట్రైటిస్ అవుతుంది. చిన్నయసూరి చూసి ఉంటే సంధికార్యం అనేసి ఊరుకునేవాడు. పదో తరగతిలో సంధులు విడదీసి మార్కులు తెచ్చుకున్న మన పిల్లలకు ఇది కొత్త విద్యే కాదు. పైగా ఇవాళ ఎవరూ పాత గ్రీకు మాట్లాడుకోరు కనుక ఆ మాటల అర్థం బజారులో అరిగిపోదు, ఏ దేశమూ నాది అని కొట్లాడదు.

సమాసాల్లో దుష్టసమాసం మనకే కాదు, వాళ్లకూ ఉంది. 1886లో అమెరికాలో రెజినాల్డ్ ఫిట్జ్ అనే డాక్టరు లాటిన్ అపెండిక్స్‌కు గ్రీకు తోక తగిలించి అపెండిసైటిస్ అన్నాడు. రెండు భాషలకు ముడిపెట్టడం పండితులకు రుచించలేదు. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు తొలి ముద్రణలో ఆ మాటకు చోటు లేకపోయింది. 1902 జూన్‌లో పట్టాభిషేకానికి సిద్ధమవుతున్న ఏడో ఎడ్వర్డ్ రాజుకు ఆ నొప్పే వచ్చింది. ఇంకా రెండు రోజులుందనగా ఆపరేషన్ చేశారు, పట్టాభిషేకం ఆగస్టుకు వాయిదా పడింది. దాంతో ఆ మాట ప్రపంచమంతా పాకిపోయింది, నిఘంటువు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా. మన పల్లెల్లో దాన్ని ఇరవైనాలుగు గంటల నొప్పి అంటారు. దుష్టసమాసం బాధ లేకుండా, తొందరగా ఆసుపత్రికి తీసుకెళ్లమని హెచ్చరిక కూడా అందులోనే ఉంది. ఫిట్జ్ పెట్టిన పేరు కన్నా ఇది మంచి పేరని మా అభిప్రాయం.

కొత్త సంగతి కనిపించినప్పుడు శాస్త్రవేత్తలు గ్రీకు పంతులు ఇంటి తలుపు తట్టడం ఇటీవలి దాకా ఉంది. హార్మోన్ అనే మాటను స్టార్లింగ్ అనే శాస్త్రవేత్త 1905లో లండన్ ఉపన్యాసాల్లో వాడాడు. కేంబ్రిడ్జిలో భోజనాల దగ్గర ఒక గ్రీకు పండితుడు సూచించాడని చెప్పుకుంటారు. పురికొల్పేది అని దాని అర్థం. అంతకన్నా అందమైనది 1972లో జరిగింది. మన ఒంట్లో కొన్ని కణాలు దెబ్బ తగిలి చావవు. వేళ వచ్చిందని తమంతట తాము ముడుచుకుని, ముక్కలై, చడీచప్పుడూ లేకుండా తప్పుకుంటాయి. తల్లి కడుపులో శిశువు చేతి వేళ్ల మధ్య పొర పోయి వేళ్లు విడివడేది, కప్పపిల్ల తోక మాయమయ్యేది ఇలాగే. అబర్డీన్‌లో పనిచేస్తున్న కెర్, వైలీ, కరీ అనే ముగ్గురు దీన్ని గమనించి, పేరు కోసం అదే విశ్వవిద్యాలయంలో గ్రీకు ఆచార్యుడైన జేమ్స్ కార్మాక్‌ను అడిగారు. ఆయన అపోప్టోసిస్ అని సూచించాడు. చెట్టు నుంచి ఆకులు, పువ్వు నుంచి రేకులు రాలడాన్ని గ్రీకులు అలా అనేవారు. ఆకు పండి రాలితే చెట్టుకు గాయం కాదు. క్యాన్సర్ అంటే ఒక రకంగా రాలవలసిన ఆకు రాలనని మొండికేయడం. ఆ ముగ్గురి వ్యాసం ప్రయోగశాల భాషలో ఉంది. పేరు మాత్రం అడవి భాషలో ఉంది.

ఈ గ్రీకు గొడవ మనకు ఎక్కడో దూరాన జరిగింది అనుకోనక్కర్లేదు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమను కోసి దాని కడుపు గోడ మీద మలేరియా క్రిమి ఆనవాళ్లు పట్టుకున్నాడు. ఆ దోమ జాతి అనాఫలిస్. అన్ అంటే లేనిది, ఒఫెలోస్ అంటే ప్రయోజనం. అచ్చ తెలుగులో చెప్పాలంటే పనికిమాలినది. జర్మనీలో మైగెన్ అనే కీటక శాస్త్రవేత్త 1818లోనే ఆ పేరు పెట్టాడు, అది మలేరియా మోసుకొస్తుందని ఎవరికీ తెలియకముందే. డెంగీ తెచ్చే ఈడిస్‌కు కూడా ఆయనే అదే ఏట పేరు పెట్టాడు, అసహ్యమైనది అని. దోమ గురించి ఆయన అభిప్రాయం మన అభిప్రాయమూ ఒకటే.

ఇంకో మాట ఉంది, అది భీమవరం నుంచి మొదలవుతుంది. అక్కడ 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లే ప్రయోగశాలలో ఉండగా ఆయన బృందం అమినోప్టెరిన్ తయారుచేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు దాన్ని ల్యుకీమియా ఉన్న పిల్లలకు ఇచ్చి చూస్తే, కొంతకాలానికే అయినా, వాళ్లలో కొందరికి రోగం తగ్గుముఖం పట్టింది. ఆ ఫలితాలు అచ్చయిన 1948లోనే సుబ్బారావు కన్నుమూశారు. అమినోప్టెరిన్‌లోని ప్తెరాన్ అంటే గ్రీకులో రెక్క. హెలికాప్టర్ చివర తిరుగుతున్నదీ అదే. మందులో రెక్క ఎందుకు? ఆ కుటుంబపు రసాయనాలను శాస్త్రజ్ఞులు మొదట చూసింది తెల్లటి, పసుపుపచ్చటి సీతాకోకచిలుకల రెక్కల రంగులో. అందుకే వాటికి ప్టెరిన్లు అని పేరు. అమినోప్టెరిన్‌కు తోబుట్టువు మెథోట్రెక్సేట్, ఇవాళ క్యాన్సర్‌కూ, చేతివేళ్లు వంకర్లు పోయే కీళ్లవాతానికీ వాడుతున్నారు. మన మందుల షాపుల్లో దొరికే ఆ చిన్న పసుపు మాత్ర పాత పేరు అమెథోప్టెరిన్, అందులో కూడా రెక్క ఉండేది. పేరు మారినప్పుడు రెక్క ఎగిరిపోయింది.

మన బడుల సంగతికి వద్దాం. తెలుగు మాధ్యమం పిల్లవాడు పత్రహరితం అని చదువుతాడు. ఆకు, పచ్చ. ఇంటర్‌కు వచ్చేసరికి అదే క్లోరోఫిల్ అవుతుంది. క్లోరోస్ పచ్చ, ఫిల్లోన్ ఆకు. మాట అదే, చొక్కా మారింది. ఉభయచరం ఆంఫీబియన్ అవుతుంది. ఆంఫీ అంటే రెండువైపులా, బయోస్ అంటే బతుకు. ఆ పిల్లవాడికి ఇవి రెండూ ఒకటేనని చెప్పేవాళ్లు లేక, పదేళ్లు చదివిందంతా వృథా అనుకుని కొత్తగా బట్టీపట్టడం మొదలెడతాడు. కిరణజన్య సంయోగక్రియ అని ఒక్క గుక్కలో అనగలిగిన నోరు ఫొటోసింథసిస్ దగ్గర తడబడేది నోరు తిరక్క కాదు, ధైర్యం చెప్పేవాళ్లు లేక. గట్టిగా వంద గ్రీకు ముక్కలు తెలిస్తే వైద్య పుస్తకంలో వేల మాటలకు తాళం తెరుచుకుంటుంది. నెఫ్రోస్ మూత్రపిండం, హెపార్ కాలేయం, డెర్మా చర్మం, హైమా నెత్తురు. చివర ఐటిస్ ఉంటే వాపు, ఆల్జియా ఉంటే నొప్పి, ఎక్టమీ ఉంటే కోసి తీసేయడం. వారానికి ఒక పీరియడు చొప్పున చెప్పినా ఒక్క ఏడాది పట్టదు. జీవశాస్త్రం మాస్టారూ తెలుగు మాస్టారూ ఒకే స్టాఫ్‌రూంలో కూర్చుని టీ తాగుతారు కదా, ఆ పీరియడేదో ఇద్దరూ కలిసి తీసుకుంటే తెలుగు మాస్టారికి చాలాకాలానికి సైన్సు క్లాసులో కుర్చీ దొరుకుతుంది.

ల్యాబుల వారికి ఒక విన్నపం. రిపోర్టు అడుగున లావు అక్షరాల్లో వేసే ఆ మాట కింద చిన్న అక్షరాల్లో ఒక్క లైను తెలుగులో వేయండి, 'నెత్తురు గడ్డకట్టించే కణాలు తక్కువగా ఉన్నాయి' అని. ఆ కంప్యూటర్లలో ఇప్పటికే తెలుగు ఉంది. బిల్లు కట్టినవారికి ధన్యవాదాలు దాంతోనే చెబుతున్నారు.